ఇంటికప్పు కనిపించని చోటు





కార్తికమాసము ప్రవేశించినది. ప్రాతఃస్నానములు, ఆకాశదీపము, శివాలయములలో అభిషేకములు యథావిధిగా సాగుచున్నవి. ఇక మిగిలినది వనభోజనము. ఈ పర్యాయము జనగామ ప్రాంతపు భక్తులందరు కలిసి తూర్పున ఉన్న అడవికి వెళ్ళవలెననియు, అక్కడినుండి కాళేశ్వరము చేరి స్వామిని సేవించుకొనవలెననియు సంకల్పించినారు. బయలుదేరుటకు ముందు వనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని దేవస్థానము వారు నన్ను కోరినారు. చాల సంతోషము.

వనభోజనము అను మాటలో రెండు పదములున్నవి. వనము ఒకటి, భోజనము ఒకటి. భోజనము సంగతి ఎవరికిని చెప్పనక్కరలేదు. పులిహోర, దద్దోజనము, పూర్ణములు, వంటవారు, వడ్డించువారు, అన్నియు సిద్ధమే. మొదటి పదమును గూర్చియే ఈ పూట విచారము. ఉసిరికొమ్మ ఒకటి తెచ్చి కల్యాణమండపములో నిలబెట్టి, దాని పక్కన బల్లలు వేసి, మైకులో పాటలు పెట్టి, భోజనములు కానిచ్చి వచ్చు పద్ధతి పట్టణములలో కొంతకాలముగా కనబడుచున్నది. వృద్ధులు, నడవలేనివారు అట్లు చేసిన దోషము లేదు. నడవగలిగినవారు కూడ అట్లే చేసినచో వనభోజనములో వనము ఎక్కడ మిగిలినది? అడవికి వెళ్ళి కూడ అదే మైకు, అదే సందడి పెట్టుకొన్నచో వనమునకు వెళ్ళినట్లా, మండపమును వెంటబెట్టుకొని వెళ్ళినట్లా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని వినండి.

అరణ్యము అను శబ్దమునకు యాస్కమహర్షి నిరుక్తములో రెండు విధములుగా అర్థము చెప్పినాడు. గ్రామమునుండి దూరముగా తొలగిపోయినది అరణ్యమని ఒకటి. రమింపజేయనిది అని రెండవది. ఈ రెండవ అర్థము వినగానే కొందరికి వింతగా తోచును. అడవి అందముగా ఉండును కదా, రమింపజేయదనుట ఏమి అని. మహర్షి భావము గంభీరమైనది. గ్రామములో ప్రతి వస్తువును మన సుఖము కొరకు అమర్చుకొన్నదే. గడప మన పాదమునకు, అరుగు మన నడుమునకు, దీపము మన కంటికి. అరణ్యములో ఏదియు మన కొరకు అమర్చినది కాదు. అక్కడి చెట్టు మన నీడ కొరకు మొలవలేదు. అక్కడి పక్షి మన చెవి కొరకు కూయలేదు. మన సుఖము కొరకు ఏర్పడని చోట నిలిచినప్పుడే మనిషికి తన పరిమాణము తెలియును. అందుకే వేదము తనలో ఒక భాగమునకు ఆరణ్యకమని పేరు పెట్టుకొన్నది. అరణ్యములో చదువవలసినది కనుక ఆరణ్యకము.

తైత్తిరీయారణ్యకము రెండవ ప్రపాఠకములో బ్రహ్మయజ్ఞమునకు, అనగా నిత్యము చేయవలసిన వేదాధ్యయనమునకు, స్థలనియమము చెప్పబడినది. గ్రామమునుండి తూర్పుకో, ఉత్తరమునకో, ఈశాన్యమునకో వెళ్ళవలెను. ఎంత దూరము? క్రోశమని గాని యోజనమని గాని శ్రుతి కొలత చెప్పలేదు. ఇండ్ల పైకప్పులు కంటికి కనబడనంత దూరము వెళ్ళుమన్నది. ఎంత చక్కని కొలత! మన పెద్దలు దూరమును అడుగులతో కొలువలేదు, చూపుతో కొలిచినారు. ఇంటికప్పు కనబడుచున్నంతసేపు మనసు ఆ కప్పు కిందనే తిరుగుచుండును. పొయ్యి మీద పాలు పొంగినవేమో, అప్పులవాడు వచ్చినాడేమో అని. కప్పు కంటికి దూరమైనప్పుడు మనసు కూడ కొంత వదులగును.

ఆ శ్రుతియే దయతో మరియొక మాట కూడ చెప్పినది. అట్లు వెళ్ళుటకు శక్తి లేనివాడు గ్రామములోనే ఉండి మనసులో అధ్యయనము చేసికొనవచ్చును. నిలబడి కాని, కూర్చుండి కాని, పడుకొని కాని చేసికొనవచ్చును. కావున రోగులు, వృద్ధులు, పసిబిడ్డల తల్లులు నొచ్చుకొనవలదు. వేదము ఎవరిని బయటికి నెట్టలేదు. అయినను ముందు చెప్పినది అరణ్యము. సడలింపు తరువాతిది. శక్తి ఉన్నవారు సడలింపునే నియమముగా చేసికొనరాదు.

ఇక ఋగ్వేదములో పదవ మండలమున 146వ సూక్తము అరణ్యానీసూక్తము. ఆరు మంత్రములు మాత్రమే. అరణ్యాని అనగా అరణ్యమునకు అధిదేవత. ఋషి ఆమెను చూచి మొదట అడుగు ప్రశ్న ఎంతో మనోహరమైనది. నీవు కంటికి ఆనీ ఆనక మరుగగుచుందువు, ఊరిదారి ఏదని ఎన్నడును అడుగవేమి, నీకు భయము లేదా అని అడుగుచున్నాడు. తరువాత సాయంకాలపు అడవి ధ్వనులను వర్ణించినాడు. ఒక పురుగు కూయగా మరియొకటి బదులు పలుకుచున్నది, తాళములు వేసినట్లున్నది. దూరమున ఎవరో ఆవును పిలిచినట్లు తోచును. ఎవరో కట్టె కొట్టినట్లు తోచును. చీకటి పడునప్పుడు అడవిలో ఉన్నవానికి ఎవరో అరచినట్లు అనిపించును. ఈ ధ్వనులు మనమందరము విన్నవే. వేల ఏండ్ల నాటి ఋషి చెవియు, మన పశువుల కాపరి చెవియు ఒకటే చెవి!

తరువాత ఋషి చెప్పిన మాట ముఖ్యమైనది. అరణ్యాని తానై ఎవరిని చంపదు. మరియొకరు హింసకు వచ్చిననే భయము. వచ్చినవాడు తీయని పండు తిని ఇష్టము వచ్చినట్లు విశ్రమించును. చివరి మంత్రములో ఆమెను పరిమళము కలదిగా, దున్నకయే అన్నము సమృద్ధిగా కలదిగా, మృగములకు తల్లిగా స్తుతించినాడు. దున్నకయే అన్నము పెట్టు తల్లి! వనభోజనమునకు ఇంతకన్న మూలము వెదుకనక్కరలేదు. మనము వండుకొని తీసికొనిపోవు అన్నమునకు ముందే ఆమె అక్కడ వడ్డించియున్నది.

ఇంగ్లండు దేశములో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు సెలవునాడు అక్కడి పల్లెల వైపు వెళ్ళి, నిశ్శబ్దమైన వనములలో గంటసేపు మాటాడక నడిచి వత్తుమని చెప్పుదురు. ఆ దేశపు నేలలో పదింట ఒక వంతు మాత్రమే చెట్ల కింద ఉన్నది. అయినను, 1600 సంవత్సరము నుండి ఎడతెగక వనముగా నిలిచిన చోట్లను ప్రాచీన వనములని గుర్తించి పట్టికలలో వ్రాసికొన్నారు. వసంతములో ఆ నేల నీలిపూలతో నిండును. పొలముల నడుమ, వనముల నడుమ పాదచారులకు చట్టము రక్షించు కాలిబాటలున్నవి. ఇవన్నియు చెప్పి ఆ పిల్లలు, తాతగారూ, మన ఊరి దగ్గర అటువంటి చోటు ఏది అని అడుగుదురు. మంచి ప్రశ్న. దానికి జవాబు మనమే నడిచి తెలిసికొనవలెను.

జనగామ నేల మెట్టనేల. రాతిగుట్టలు, తంగేడు పొదలు, తాటిచెట్లు. ఈ నేలలోనే పాలకుర్తిలో సోమనాథుడు, బమ్మెరలో పోతనామాత్యుడు వెలసినారు. నాగలి పట్టిన చేయి అని లోకము చెప్పుకొను ఆ పోతన గజేంద్రమోక్షమును త్రికూటపర్వతముతోను, అక్కడి మహావనముతోను ఆరంభించి, చెట్ల పేర్లను ఎంత వైభవముగా చెప్పినాడో మీకు తెలియును. ఏనుగు మొర పెట్టుటకు ముందు కవి మనలను అడవిలో నడిపించినాడు. ఆ నడక లేనిదే ఆ మొర మన చెవికి అందదు.

ఇక్కడి నుండి తూర్పునకు పోయినకొలది నేల రంగు మారును. మహబూబాబాదు జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు అడవి మొదలగును. అది పాకాల అడవులతో కలియును. గూడూరు మండలమున భీమునిపాదము జలపాతమున్నది. ఉత్తరమునకు పోయినచో భూపాలపల్లి, కాటారము, మహాదేవపూర్ దాటి కాళేశ్వరము. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలు కాగితము మీద వేరు. నీటికి మాత్రము అంత వేరు కాదు. అడవి మీద పడిన వాన ఆకుల మీద ఆగి, రాలిన ఆకులలో ఇంకి, నెమ్మదిగా వాగులోనికి దిగును. అందుకే కాకతీయుల కాలమువారు అడవుల ఒడిలో చెరువులు కట్టినారు. పాకాల, లక్నవరము, రామప్ప, గణపురము చెరువులు అట్టివే. చెరువు పక్కన గుడి, గుడి కింద పొలము. 1213లో ప్రతిష్ఠ జరిగిన రామప్పగుడిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మనమందరము ఆనందించినాము. గుడి శిల్పమును చూచినవారు చెరువును చూడవలెను. చెరువును చూచినవారు చెరువునకు నీరిచ్చు అడవిని చూడవలెను. స్వామికి చేయు అభిషేకజలము మొదట చెట్టు ఆకు మీద పడిన చినుకు.

కొన్ని ఏండ్ల క్రితము శివరాత్రికి ముందు నలుగురు విద్యార్థులతో కాళేశ్వరము పోవుచుండగా, మహాదేవపూర్ దాటిన తరువాత బాట పక్కన కొంతసేపు ఆగినాము. ఇండ్లు లేవు, వాహనములు లేవు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప. ఒక పిల్లవాడు అటు ఇటు చూచి, "స్వామీ, ఇక్కడ ఏమీ లేదు కదా!" అన్నాడు. ఒక ఘడియసేపు మాటాడకుండ కూర్చుండి తరువాత చెప్పుమన్నాను. ఘడియ అనగా 24 నిమిషములు. మొదటి సగము వారికి కష్టముగానే గడిచినది. కాళ్ళు కదలించినారు, దగ్గినారు, ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. తరువాత కదలిక ఆగినది. టేకాకు ఒకటి రాలి కిందపడెను. ఎండిన టేకాకు పడినచో ఎంత శబ్దమగునో ఊరిలో ఉన్నవారికి తెలియదు. ఎవరో అడుగు వేసినట్లే ఉండును. దూరమున వడ్రంగిపిట్ట చెట్టును కొట్టుచున్నది. దాని ప్రతిధ్వని మరియొక వైపునుండి వచ్చినది. ఘడియ గడిచిన తరువాత రుద్రము మొదలు పెట్టినాము. ఆరవ అనువాకములో శబ్దమునకు, ప్రతిశబ్దమునకు నమస్కారము చెప్పు చోటికి రాగానే ఆ పిల్లవాడు ఒక్క క్షణము ఆగి, తల ఎత్తి చూచినాడు. అంతకు ముందు వందసార్లు వల్లించిన మంత్రమే. అర్థము ఆనాడు ఎదురుగా వచ్చి నిలిచినది. నేను విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది.

శ్రీరుద్రమును వినుచున్న భక్తులు ఈ సంగతి గమనించవలెను. రెండవ అనువాకములో పచ్చని ఆకులే కేశములుగా గల వృక్షములకు నమస్కారము. వనములకు పతి, వృక్షములకు పతి, పొదలకు పతి, ఓషధులకు పతి అని ఆ స్వామికే నమస్కారము. మూడవ అనువాకములో అరణ్యములకు పతి అని నమస్కారము. కాళేశ్వరములో ఒకే పానవట్టము మీద రెండు లింగములు, కాళేశ్వరుడును ముక్తీశ్వరుడును. అక్కడ రుద్రాభిషేకము చేయించు మనము, దారి పొడవునా ఆ రుద్రుడు పతిగా ఉన్న వనమును దాటియే వచ్చితిమి. దారిలో స్వామిని తోసికొని వచ్చి, గర్భగుడి ముందు వరుసలో నిలబడితిమి!

సరే, వనమునకు వెళ్ళవలెను. ఎట్లు వెళ్ళవలెను? దీనికి శ్రీమద్రామాయణమే ప్రమాణము. అరణ్యకాండ మొదటి సర్గలో రామచంద్రుడు దండకారణ్యము ప్రవేశించి తాపసుల ఆశ్రమములను దూరమునుండి చూచినాడు. చూడగానే ఏమి చేసినాడు? తన మహాధనుస్సునకు నారి దించినాడు. తరువాత లోపలికి నడిచినాడు. ఆయన రాముడు! ఆయన చేతి విల్లును చూచి ఋషులు భయపడుదురా? భయము లేకున్నను ఆ చోటికి చూపవలసిన మర్యాద అది. కాళిదాసు నాటకములో దుష్యంతుడు కూడ కణ్వాశ్రమ ద్వారమున ఆభరణములను, ధనుస్సును సారథికి అప్పగించి, వినీతవేషముతో లోపలికి పోయినాడు. రాజులు విల్లు దించిన చోట మనము చేతి ఫోను దించలేమా?

సీతమ్మ తల్లి మాట ఇంకను లోతైనది. అదే కాండ తొమ్మిదవ సర్గలో ఆ తల్లి భర్తకు ఒక కథ చెప్పినది. పూర్వము ఒక వనములో సత్యవంతుడైన ముని తపస్సు చేయుచుండగా, ఇంద్రుడు యోధుని వేషములో వచ్చి ఒక ఖడ్గమును దాచుమని ఇచ్చి పోయినాడు. ముని మంచివాడు. అప్పగించిన సొత్తు పోరాదని, కందమూలములకు పోయినను కత్తిని వెంట తీసికొనిపోవుచుండెను. రోజూ చేతిలో ఉన్నది కనుక కొంతకాలమునకు బుద్ధి దాని వైపు తిరిగినది. తపస్సు జారినది. క్రూరుడైనాడు. చివరకు నరకమునకు పోయినాడు. కత్తి ఆయనను నరుకలేదు, ఆయన చేతిలో ఊరక ఉన్నది, అంతే! శస్త్రమెక్కడ, వనమెక్కడ, అయోధ్యకు తిరిగిన తరువాత క్షత్రధర్మము ఆచరించవచ్చును గదా అని ఆ తల్లి అడిగినది. రాముడు కోపింపలేదు. నీ స్నేహమునకు తగిన మాటయే అని మెచ్చుకొని, మునులను కాపాడుదునని మాట ఇచ్చితిని కనుక విల్లు విడువలేనన్నాడు. ఇద్దరి మాటయు ధర్మమే. రక్షించువాని చేతిలో ఆయుధము ఉండవచ్చును. ఊరక పోవువాడు ఊరి వస్తువును చేత పట్టుకొని పోయినచో, ఆ వస్తువే వాని బుద్ధిని నడిపించును. ఇది తల్లి ఉపదేశము.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. సంసారము విడిచి అడవికి పొమ్మని చెప్పుచున్నారా అని. లేదు. భాగవతము అయిదవ స్కంధములో బ్రహ్మదేవుడు ప్రియవ్రతునకు స్పష్టముగా చెప్పినాడు. ఇంద్రియములను గెలువనివానికి వనములో కూడ భయమే, ఆరుగురు శత్రువులు వాని వెంటనే వచ్చుచున్నారు గనుక. గెలిచినవానికి గృహస్థాశ్రమము ఏ కీడును చేయదు. కావున వనవాసము అందరికిని విధి కాదు. మన పెద్దలు కార్తికములో ఒక్కనాటి వనవాసమును మాత్రము గృహస్థులకు ఏర్పరచినారు. ఉదయము వెళ్ళి సాయంకాలము తిరిగి రావలెను. తిరిగి వచ్చినప్పుడు ఇంటిని కొంచెము వేరు కంటితో చూడవలెను. అదే ప్రయోజనము.

మరియొక సంగతి. అడవి నిర్జనమని అనుకొనవలదు. కోయవారు తరతరములుగా అక్కడనే ఉన్నారు. మహాదేవపూర్ వైపు మద్దిచెట్ల మీద దసలిపట్టు పురుగులను పెంచి కాయలు కోయుదురు. మండు వేసవిలో తునికాకు ఏరుదురు. ఇప్పపూవు రాలు కాలమున తెల్లవారకముందే చెట్టు కిందికి పోవుదురు. మనకు ఒకనాటి యాత్ర, వారికి ఇల్లు. ఒకరి ఇంటికి పోయినప్పుడు ఎట్లు ఉందుమో అట్లే ఉండవలెను. మేడారములో సమ్మక్క సారలమ్మలకు విగ్రహములు లేవు. సమ్మక్క తల్లి చిలుకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున గద్దెకు వచ్చును. గద్దెల మీద నిలుపు వెదురును అక్కడివారు వనమనియే పిలుచుదురు. ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు అరణ్యానీసూక్తము గుర్తుకు వచ్చును. తల్లియే వనము, వనమే తల్లి. ఈ భావము వల్లించిన వేదములోను ఉన్నది, వల్లింపని గుండెలలోను ఉన్నది.

ఆ మేడారము అడవిలోనే 2024 ఆగస్టు 31న జరిగిన సంగతి మీరు వినియుందురు. తాడ్వాయి, మేడారముల నడుమ ఒక సాయంకాలము వీచిన గాలికి వేలకొలది మహావృక్షములు ఒక్కసారిగా కూలినవి. అక్కడ వేళ్ళు లోతుగా దిగలేదని పరిశీలించినవారు చెప్పినారు. ఆ గాలి ఊళ్ళ మీదికి రాలేదు, తల్లులే కాపాడినారని భక్తులు చేతులు జోడించినారు. నాకు భాగవతము దశమస్కంధములోని ఒక ఘట్టము స్ఫురించినది. వేసవి ఎండలో శ్రీకృష్ణుడు గోపబాలురతో నడుచుచు చెట్లను చూపి వారికి చెప్పినాడు. ఇవి గాలిని, వానను, ఎండను, మంచును తాము సహించి మనకు తగులకుండ కాచుచున్నవి, అడిగినవాడు వీటి దగ్గరనుండి ఉత్త చేతులతో పోడు అని. ఆనాడు బృందావనములో చెప్పిన మాటను 2024లో మన అడవి తన శరీరముతో చూపినది. ఊరి మీద పడవలసిన దానిని తాను మోసినది. అట్టి తల్లికి మనము ఇచ్చి వచ్చునది ప్లాస్టికు సంచులు, నీళ్ళ సీసాలు, సగము తిని పారవేసిన విస్తళ్ళు అయినచో, ఆ పాపమును ఏ అభిషేకము కడుగును?

చెట్టును కొట్టనే కూడదని వేదము చెప్పలేదు. మోదుగ సమిధలు, మోదుగ దండము, జుహువు, చండ్రకర్రతో చేసిన స్రువము, రావికర్ర అరణి, అన్నియు వనమునుండి వచ్చినవే. వనము లేనిదే యజ్ఞము లేదు. ఎట్లు తీసికొనవలెనో మాత్రము వేదము చెప్పినది. యజుర్వేదములో యూపమునకు చెట్టును కొట్టునప్పుడు, మిగిలిన చెట్లను దాటి నీ వద్దకే వచ్చితినని చెట్టుకు విన్నవించుకొనవలెను. గొడ్డలి తగులు చోట దర్భ ఉంచి, ఓషధీ కాపాడుమని, గొడ్డలీ హింసింపకుమని ప్రార్థించవలెను. కూలుచున్న చెట్టును ఆకాశమునకు, అంతరిక్షమునకు గాయము కాకుండ పడుమని వేడుకొనవలెను. తరువాత మిగిలిన మోడు మీద నేతితో హోమము చేసి, నీవు నూరు కొమ్మలతో చిగురించుము, మేము వేయి కొమ్మలతో చిగురింతుము గాక అని కోరవలెను. చెట్టు చిగురించుటకును వంశము చిగురించుటకును ఒకే ప్రార్థన! ఒకటి మోడుగా మిగిలి, రెండవది మాత్రము వర్ధిల్లవలెనని ఋషి కోరలేదు.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులున్నవి. ఆ బొగ్గు ఏమి? కోట్ల ఏండ్లకు పూర్వము నిలిచిన వనములే భూమి కడుపులో అణగి నల్లబడినవి. మన ఇంటి దీపము కొంత ఆ ప్రాచీన వనము వెలుగే. దీపము వద్దనుట లేదు. ఎవరి ప్రసాదముతో వెలుగుచున్నదో తెలిసి వెలిగించుకొనవలెనని మాత్రమే మనవి.

ఇప్పుడు ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. శ్రుతి ఇచ్చిన కొలత ఇంటికప్పు కనిపించని చోటు. నా చిన్ననాట ఊరు దాటి కొద్దిదూరము నడిచినచో అట్టి చోటు దొరికెడిది. ఇప్పుడు పట్టణమువాడు వాహనమెక్కి పోయినను కప్పులు వెంట వచ్చుచునే ఉన్నవి. వేదమును తాటాకు మీద, కాగితము మీద, యంత్రములలో భద్రపరచుకొన్నాము. శ్రద్ధ ఉన్నంతవరకు అది నిలుచును. ఆ వేదము వెళ్ళుమన్న చోటే లేకపోయిన నాడు, ఆ వాక్యమును చదువు పిల్లవానికి ఏమి చూపి అర్థము చెప్పుదుము? మంత్రము మిగిలి, అది చెప్పు వస్తువు పోయినచో, మంత్రము సగము మూగయగును. వనరక్షణము ప్రభుత్వపు పని అని ఊరకుండరాదు. అది స్వాధ్యాయములో భాగము.

కావున ఈ వనభోజనమునకు కొన్ని నియమములు మనవి చేయుచున్నాను. మొదటిది, మైకు వలదు. భజన కంఠముతో చేయుదము. రెండవది, అటవీశాఖవారు అనుమతించిన చోటనే దిగవలెను. పొయ్యి వెలిగింపక, వంట ఇంటి దగ్గరనే చేసి తీసికొనిపోవలెను. కార్తికములో అడుగున ఎండుగడ్డి ఉండును, ఒక్క నిప్పురవ్వ చాలును. మూడవది, మోదుగాకు విస్తళ్ళే వాడవలెను. తీసికొనిపోయిన ప్రతి వస్తువును తిరిగి తేవలెను. మిగిలిన అన్నమును కోతులకు, లేళ్ళకు వేయరాదు. దున్నకయే అన్నము కలది ఆ తల్లి, ఆమె బిడ్డలకు మన ఉప్పు కారము అక్కరలేదు. నాలుగవది, ఉసిరిచెట్టుకు పూజ చేయునప్పుడు కొమ్మ విరువరాదు, మొదట నీరు పోయవలెను.

అయిదవది అన్నిటికన్న ముఖ్యమైనది. భోజనమునకు ముందు ఒక ముహూర్తకాలము, అనగా రెండు ఘడియలు, 48 నిమిషములు, అందరము మౌనముగా కూర్చుండవలెను. జపము వచ్చినవారు మనసులో జపము చేసికొనండి. రానివారు ఊరక వినండి. ఊరక వినుట కూడ ఉపాసనయే. పిల్లలు కదిలినను కోపపడవలదు. తొలుత ఏమీ లేదనిపించును. ఓపిక పట్టండి. చెవి ఊరిని మరచుటకు కొంత సమయము పట్టును. కాళేశ్వరములో గోదావరి, ప్రాణహిత కంటికి కనబడును, సరస్వతి అంతర్వాహిని. 2025 మే 15 నుండి 26 వరకు అక్కడ సరస్వతీ పుష్కరములలో లక్షలమంది మునిగినారు, ఆ కనబడని నదిని నమ్మియే మునిగినారు. వాగ్దేవి నది రూపమున అక్కడ కనబడక ప్రవహించుచున్నట్లే, అడవి మౌనములో కూడ ఒక వాక్కు కనబడక ప్రవహించుచున్నది. దానిలో స్నానము చేయుటకు ఆ రెండు ఘడియలు.

సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు మొదటి ఇంటికప్పు కనబడగానే, మీలో ప్రతి ఒక్కరును ఒక్క నమస్కారము వెనుకకు తిరిగి ఆ వనమునకు, ఒక్క నమస్కారము ముందున్న ఆ ఇంటికి చేయండి. రెండింటికిని పతి ఆ పరమేశ్వరుడే. అరణ్యపతియైన ఆ స్వామి మన ఇండ్లను చల్లగా చూచుగాక! మన ఇండ్లు ఆయన అరణ్యమును చల్లగా ఉండనిచ్చుగాక!

స్వస్తి. శుభం భూయాత్.